నలభై ఏడుగురి ఒంటి వరుస

మా లెక్కల సారు పోయారు. మొన్న పొద్దున రాయికల్ దగ్గరి మా ఊరి నుంచి అక్క ఫోన్ చేసి, "సారు పోయిండే చెల్లె. జగిత్యాల దవాఖానల పానం పోయిందట," అని పెట్టేసింది. కోరుట్లలో నేను లెక్కలు చెప్పే బడికి సెలవు పెట్టి బస్సెక్కాను.

మా ఊరి బడిలో ప్రార్థన అయ్యాక సారు వచ్చినవాళ్లను లెక్కపెట్టి ఆ సంఖ్యను బోర్డు మీద వేసేవారు. ఎవరూ మిగలకుండా సమాన వరుసల్లో నిలబడితేనే లోపలికి పంపేవారు. అక్కా నేనూ సహా అందరం వచ్చి నలభై ఎనిమిది మందిమైతే, ఆ సంఖ్యను రెండు, రెండు, రెండు, రెండు, మూడు అనే కారణాంకాలుగా విడగొట్టేవారు. "గిండ్ల కొన్ని ఏరుకొని గుణించున్రి, వరుసకు గంతమంది. మిగిలినయి గుణిస్తే గన్ని వరుసలు," అనేవారు. మూడు రెండ్లు ఏరితే వరుసకు ఎనిమిది మంది, ఆరు వరుసలు. ఏమీ ఏరకపోతే ఒకటి, అంటే వరుసకు ఒక్కరే. ఆ ఒకటిని మరిచినవాడికి మొట్టికాయ తప్పేది కాదు. మా సారుకు కోపం ముక్కు మీదే ఉండేది.

నాన్న దుబాయిలో పని పోయి ఇరుక్కుపోయిన ఏడు, అమ్మ మా ఇద్దరినీ బడి మాన్పించి బీడీల చాటల ముందు కూర్చోబెట్టింది. వారం తిరక్కముందే సారు వచ్చి మా గడపలో నిలబడ్డారు.

"ఇద్దర్ని తోలమ్మా."

"ఇద్దరు పోతే బీడీలు ఎవలు జేస్తరు సారూ? చిన్నదాన్ని తీస్కపో. పెద్దదాన్ని అడగకు."

అక్క తలెత్తలేదు. తునికాకు కత్తిరిస్తూనే ఉంది.

మర్నాడు అక్క తప్ప మిగతా పిల్లలంతా వచ్చారు. నాతో కలిపి నలభై ఏడుగురం. "రెండుతోని పోదు. మూడుతోని పోదు. ఐదుతోని పోదు. ఏడేళ్లు నలభై తొమ్మిది, దాటిపాయె. ప్రధాన సంఖ్య. ఇగ ఒక్కటే వరుస," అన్నారు సారు. గేటు దాకా సాగిన ఆ ఒంటి వరుసలో చివర నేను. పిల్లలకు నవ్వులాట, నాకు ఏడుపు. సారు బోర్డు మీది నలభై ఏడును చెరపకుండానే మమ్మల్ని లోపలికి పంపారు.

ఆ ఏడంతా ఆయన అక్క కోసం మా ఇంటికి తిరుగుతూనే ఉన్నారు. అమ్మ ఆయన్ని చూడగానే తలుపు దగ్గరికి వేసేది. నేను చదివాను, ఉద్యోగం తెచ్చుకున్నాను. అక్క పొగాకు దుమ్ములోనే ఉండిపోయింది. ఇప్పుడు నాలుగు మాటలు ఆడితే దగ్గు. నన్ను చదివించింది సారేనని ఊళ్లో అంటారు. అది సగమే నిజం. సారు పిలిచారు, నా బదులు అక్క చాట ముందు కూర్చుంది.

సారు ఇంటి ముందు అక్క నాకంటే ముందే వచ్చి, జనం వెనకాల నిలబడి ఉంది. "లోపలికి దా," అన్నాను.

"నేనేమన్న ఆయన దగ్గర పూరా సదువుకున్ననా?" అంది.

చెయ్యి పట్టి తీసుకెళ్లాను. పొగాకు వాసన తగులుతుందనేమో, చేతుల్ని కొంగుకు గట్టిగా తుడుచుకుని, ఆయన పాదాల దగ్గర కూర్చుంది.

"సారూ, పిలిస్తివి గదా, అచ్చిన," అంది మెల్లగా.

పాడె ఎత్తడానికి నలుగురూ వంగినా అక్క అక్కణ్ణుంచి లేవలేదు.