చూడకుండా కొట్టేసిన నాలుగు చెరువులు

కూర్చో కన్నా. ఆ ఫోన్ పక్కన పెట్టి సరిగ్గా విను. నేను చెప్పింది చెప్పినట్టే రాయి. ఇరవై ఏళ్ళుగా మోస్తున్నాను దీన్ని. ఈమధ్య లిఫ్టు తలుపు తెరుచుకుంటే చాలు, ఇంట్లోకి వెనక్కొచ్చేస్తున్నాను. మోకాళ్ళ నొప్పి అని మీ అమ్మతో చెప్పాను. నొప్పి కాదు, భయం.

మీ అమ్మ ఆ పెద్ద ఆఫీసులుండే రాఫెల్స్ ప్లేస్‌లో కంప్యూటర్ ఉద్యోగంలో చేరిన కొత్తలు. చదువుకున్న పిల్లలంతా అటే పోతుంటే, కాగితాలు నింపే పనులకి సర్కారువాళ్ళు మాలాంటి ఆంటీల్ని తీసుకున్నారు. బస్సులో ఊరి చివరికి పోయి, ఏ ఫారంలో ఏం పెంచుతున్నారో రాసుకు రావాలి. కోళ్ళు, చేపలు, మేకలు, ఆకుకూరలు. కప్పల్ని కూడా పెంచుతారు, నవ్వకు. లోపలికెళ్ళి కళ్ళారా చూసిందే రాయాలి. చూడకపోతే మళ్ళీ వెళ్ళాలి.

ఆ రోజు కార్తీక సోమవారం. తలస్నానం చేశాను, ఉపవాసం. ఒక చైనీస్ అంకుల్ ఫారం. ముందు కోళ్ళ షెడ్డు, అది దాటితేనే చేపల చెరువులు. నేను గేటు దగ్గరే ఆగిపోయాను.

"రా ఆంటీ, లోపలికి రా లా. నాలుగు చెరువులు, చూసి రాసుకో." మీరంతా మాట చివర తగిలిస్తారే, ఆ 'లా' తోనే పిలిచాడు.

"ఇవాళ కుదరదు అంకుల్. పూజ రోజు. కోళ్ళ మధ్యలోంచి రాలేను."

"నా కోళ్ళూ పొద్దున్నే స్నానం చేశాయి!" అని నవ్వాడు. "సరే, రేపు రా. మర్చిపోకు."

"వస్తాను."

వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదు? ఎండ, రెండు బస్సులు మారాలి... అన్నీ సాకులే. కోళ్ళు ఉన్నాయని రాశాను. చేపలున్నాయంటే ఏ రకం, చెరువు ఎంత, అన్నీ నింపాలి. లేవంటే ఒక్క గీత చాలు. గీత కొట్టేసి, లోపలికెళ్ళి చూశానని కింద సంతకం పెట్టాను. ఉపవాసం ఉండి కోళ్ళ షెడ్డు దాటడానికి సంకోచించిన మనిషిని, అబద్ధం రాయడానికి మాత్రం ఎందుకు వెనకాడలేదు?

తర్వాత ఆ స్థలం సర్కారు తీసేసుకుంది. చేపలవాళ్ళకి వేరే చోటిచ్చారు. ఆయనకి రాలేదు. నా గీత వల్లేనా? ఇంకేదైనా కారణముందా? నేనెవర్నీ అడగలేదు. నా వల్లే అంటారని భయం.

ఇదంతా నాకెలా తెలుసంటావా? ఆయనే చెప్పాడు. మన బుకిట్ బటోక్ బ్లాకులో కిందింటికి పోయినేడు వచ్చిన ఫిష్ అంకుల్ లేడూ, నీకు సంచిలో బుల్లి చేపలిస్తాడే, ఆయనే. నన్ను గుర్తుపట్టలేదు. "ఎవరో ఒకావిడ రేపొస్తానంది, రోజంతా గేటు తీసే ఉంచాను" అని నాతోనే అన్నాడు. నేను తలూపాను కన్నా. అయ్యో పాపం అని కూడా అన్నాను.

"అమ్మమ్మా, యూ మస్ట్ టెల్ హిమ్ లా."

అందుకేగా నిన్ను కూర్చోబెట్టింది. నీకు చేపలివ్వడం మానేస్తాడేమో. నా మొహం మీదే తలుపేస్తాడేమో. వెయ్యనీ. క్షమించమని మాత్రం రాయకు. అలా అడిగితే మంచివాడు, సరేలే అనేస్తాడు. అది నాకొద్దు. ఆయనకివ్వాల్సిన చీటీ, ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాయి: ఆ రోజు వచ్చినది నేనే. మీ చెరువులు నేను చూడలేదు. ఆగు... ఈ ఒక్క ముక్క పైకి అనేసరికే ఊపిరి ఆడుతోంది చూడు. ఊఁ, రాయి. చూడకుండానే చూశానని సంతకం పెట్టి, మీకు చేపలే లేవని నేను...

"అమ్మా, మకాన్! భోజనానికి ఎన్నిసార్లు పిలవాలి, చారు చల్లారిపోతోంది!"

వస్తున్నానే, ఒక్క మాట మిగిలింది, ఇదిగో నీ కూతురి చేత...