లండన్ దూరం, అక్క ఉపవాసం

బొంబాయి నుంచి లండన్‌కు విమానంలో ఎంతసేపు పడుతుందో ఇవాళ ఎవరినడిగినా చెబుతారు. ఆ లెక్క తేలితేగాని ఒక ఇల్లాలు అన్నం ముట్టని రోజు మా నాంపల్లి గల్లీలో ఒకటుండేది. అందరూ మరిచిపోయేలోగా రాసిపెడుతున్నాను.

యాభై ఆరులో, రాష్ట్రం ఏర్పడిన ఏడు, కోస్తా నుంచి గుమాస్తాగా వచ్చి ఆమె ఇంటి ముందు గదిలో కిరాయికి దిగాను. ఇంటావిడను అక్కా అనేవాణ్ణి. ఆమె భర్త, నాకు బావ, ఆబిడ్స్ హోటల్లో వంటవాడు. నేను చదువుకున్నదంతా గ్రంథాలయంలోనే. కొన్నేళ్ళకు ఒక కలిగిన కుటుంబం బావను వంటకని లండన్ తీసుకెళ్ళింది.

ఆయన బొంబాయి రైలెక్కిన సాయంత్రం నుంచి అక్క ఇల్లు ఊడవలేదు. మనిషి చేరేదాకా ఊడవకపోవడం అందరూ పాటించేదే. ఆయన దిగేదాకా అన్నం మానెయ్యడం మాత్రం ఆమె సొంత మొక్కు. అప్పుడే టైఫాయిడ్ నుంచి లేచిన ఒళ్ళు.

విమానం ఎగిరే రోజు పొద్దున, "మధ్యాహ్నం దిగుతదంట తమ్మీ! టికెట్లాఫీసుల చెప్పిన్రు. గప్పుడు తింట" అంది.

ముందురోజే నేను గ్రంథాలయంలో గ్లోబు మీద పూలదారం పెట్టి కొలిచాను. నాలుగున్నర వేల మైళ్ళు. మధ్యలో ఆగుతూ వెళ్ళే విమానం.

"అది వాళ్ళ మధ్యాహ్నం అక్కా. మనకు అప్పటికి రాత్రవుతుంది."

అక్క గుమ్మం పట్టుకుని కూలబడింది. "రాత్రిదాంక ఉంటనా?"

"విమానంలో భోజనం పెడతారట. బావే తింటే మొక్కు తప్పినట్టు కాదు, నువ్వూ తినొచ్చుగా?"

"ఒకరు వండింది మీ బావ తింటడా? నా కూరకే వంకలు వెడ్తడు! జొన్నరొట్టె, పుంటికూర తొక్కు, గదే మీ గోంగూర పచ్చడి, కట్టిచ్చిన."

"అది ఎప్పుడు తింటాడు?"

"పన్నెండు కొట్టంగనే. హోటల్ల ఎంత గిరాకీ ఉన్నా కూసుంటడు. గాని గాడ పన్నెండు, గీడ పన్నెండు ఒకటి కాదంటివి గద, పెద్ద సదువరివి!"

"బావ చేతి గడియారం ముల్లు తిప్పుతాడా?"

అక్కకు నవ్వొచ్చింది. "టేషన్ల గడియారమే తప్పంటడు గాని తనది తిప్పుతడా?"

"అయితే ఆకాశంలో ఎక్కడున్నా ఆయన పన్నెండు మన పన్నెండే."

"ఔ గద!" అంది అక్క. పన్నెండయ్యాక కంచం ముందు కూర్చుని, "జర ఆగు, గాయిన రొట్టె మూట ఇప్పనీ" అని కాస్త ఆగి, అప్పుడు ముద్ద కలిపింది.

రెండేళ్ళకు బావ తిరిగొచ్చాడు. చేతి గడియారంలో మన టైమే.

"అక్కడ కూడా ముల్లు తిప్పలేదా బావా?"

"తిప్పితే మీ అక్క ఎప్పుడు తింటదో నాకెట్ల ఎరుక?"

పేర్లు రాస్తే అక్క ఒప్పుకోదు. అందుకని, గ్లోబు ముట్టుకోనిచ్చిన గ్రంథాలయం పెద్దాయనకు, దారం ఊరికే ఇచ్చిన స్టేషన్ దగ్గర పూలమ్మే ఆవిడకు, ముల్లు తిప్పని బావకు, నా లెక్క నమ్మి అన్నం తిన్న అక్కకు ఇలా పేర్లు లేకుండానే దండాలు.