డ్రాగన్ స్టాంపులకు హాల్లో జాగా లేదన్నారు

ఇవాళ కర్నూలు పోస్టాఫీసులో జిగురు సీసా మూత తీయగానే ఆ వాసనకు మా ఊరు వేంపల్లె గుర్తొచ్చింది. మీరూ చేసే ఉంటారు కదా, కవర్లను పళ్లెంలో నానబెట్టి, స్టాంపులు ఊడదీసి, పాత పేపర్ల మీద ఆరబెట్టడం?

మనమంతా సీడీలు అద్దెకు తెచ్చుకుని చూసిన ఆ ఇంగ్లీషు మాయలోకం సినిమాల బొమ్మలతో విదేశాల్లో స్టాంపులు, నాణేలు కూడా వేశారు. కువైట్‌లో పనిచేసే మా పక్కింటి ఖాదర్ మామ, తోటివాళ్లను అడిగి నాకోసం డ్రాగన్ బొమ్మలున్న పదకొండు స్టాంపులు, ఒక నాణెం తెచ్చాడు. నవ్వేవాళ్లు నవ్వుకోండి, అవి ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి.

ఎనిమిదో తరగతిలో బడి ప్రదర్శనకు వాటిని తీసుకెళ్లాను. సోషల్ సారు చూసి, "ఏందమ్మా ఇవి, సినిమా బొమ్మలు? దేశనాయకులవి ఉంటే పెట్టు. లేకుంటే హాల్లో జాగా లేదు" అన్నారు.

ఏడుపొచ్చింది. అయినా ఇంటికి పోలేదు. హాలు బయట మెట్ల మీద తువ్వాలు పరిచి, అన్నీ వరసగా పెట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి హాల్లో కంటే మెట్ల దగ్గరే పిల్లలు ఎక్కువయ్యారు.

ఆ గోల విని సారు బయటికొచ్చారు. నేనొక స్టాంపు చూపించి, "దీన్ని అంటించి ఎవరో ఉత్తరం పంపినారు సార్. పోస్టాఫీసు ముద్ర సూడండి" అన్నాను. ఆయన కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశారు.

"నిజం స్టాంపే. సరే, లోపలికి ఎత్తుకొని రా."

"వద్దు సార్. ఈడనే బాగుండాది."