నీలం చేపని తొట్లో వేసిన మామ

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరు ఎవరిని ఏం అడిగినా జవాబు చెప్పేది నేనే. దారిన పోయేవాళ్ళు మా నాయనని పొలానికి నీళ్ళు పెట్టినావా అని అడిగితే, ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకొనే లోపల నేను చెప్పేసేదాన్ని. ఇక నాకంటే రెండేళ్ళు చిన్నదైన మా చెల్లెలి సంగతి చెప్పనే అక్కర్లేదు. నీ పేరేందమ్మా అని దాన్ని అడిగితే ఆ పేరు కూడా నా నోట్లోంచే వచ్చేది. దానికి వంకాయ పడదు, దానికి ఎర్ర రిబ్బన్లే ఇష్టం, దానికి కుక్కలంటే భయం, అన్నీ నేనే చెప్పేదాన్ని. అదంతా ప్రేమ అనుకొన్నాను. ప్రేమే, కాదనను. కాకపోతే నా నోరు అట్టాంటిది.

కోట అనే ఊరికీ సముద్రానికీ మధ్యలో మా ఊరు. మా మేనమామ ఇల్లు మా ఇంటి పక్కనే. మధ్యలో గోడ సగం కూలిపోయి ఉండేది, మేం దాన్ని అటూ ఇటూ దాటేదానికి మెట్టులాగా వాడుకొనేవాళ్ళం. మామ రొయ్యల గుంటల దగ్గర పనిచేసేవాడు. నీళ్ళు అరచేతిలో తీసుకొని నాలిక్కి తగిలించి ఉప్పు ఎంతుందో చెప్పేవాడు. అంతకు మించి మాట్లాడడం ఆయనకి పెద్దగా చేతకాదు. ఒకసారి గుంటల పని మీద మద్రాసు పోయి, తిరిగొచ్చేటప్పుడు గాలి నింపిన ప్లాస్టిక్ కవర్లు ఒళ్ళో పెట్టుకొని బస్సు దిగినాడు. కవర్లలో చేపలు!

చేపలు మాకేం కొత్త? సముద్రం పక్కనే పుట్టినవాళ్ళం. మా ఊళ్ళో చేప అంటే పులుసు, కాకపోతే వేపుడు, అదీ కాకపోతే ఎండుచేప. మా అవ్వ ఒక కవరు ఎత్తి వెలుతురులో పెట్టి చూసి, "వీటిని ఎట్టా వండాలిరా?" అనింది. వండుకొనేదానికి కాదు, చూసేదానికి అన్నాడు మామ. మా అవ్వ ఆ మాటకి కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వి, వీధి వీధంతా తిరిగి చెప్పుకొనింది.

అవి ఆఫ్రికా చేపలంట. సిక్లిడ్లు అంటారంట. మా పులికాటు కంటే ఎన్నో రెట్లు పెద్దదైన సరస్సులో పుట్టే జాతి. మామ అద్దం పలకలు తెచ్చి తనే అతికించి, మంచమంత పొడుగు తొట్టి చేసి వసారాలో పెట్టినాడు. సముద్రం ఒడ్డున ఏరుకొచ్చిన గుల్లలు అడుగున పరిచి, వాటి మీద రాళ్ళు పేర్చి, మా బోరు నీళ్ళే పోసినాడు. బిందెలకి తెల్లగా పేరుకుపోయే ఆ నీళ్ళని మేం రోజూ తిట్టుకొనేవాళ్ళం. ఆ చేపలకి అట్టాంటి నీళ్ళంటేనే ప్రాణమంట. కవరు విప్పి వాటిని వదిలినప్పుడు, అబ్బబ్బ, ఏం చెప్పేది! నిమ్మపండు రంగువి నాలుగు, నారింజ రంగువి మూడు, చారలవి కొన్ని, అన్నీ ఒక్కసారిగా రాళ్ళ సందుల్లోకి దూరి మళ్ళీ బయటికొచ్చినాయి. వాటిల్లో ఒకటుంది చూడండి, ఒళ్ళంతా మెరిసే నీలం, దాని మీద నల్ల చారలు, కింది రెక్క మీద పసుపు చుక్కలు. నేను గెంతులేసి చప్పట్లు కొట్టి దానికి అప్పటికప్పుడే కలెక్టరు అని పేరు పెట్టేసినాను. తొట్టి అంతా తనదే అన్నట్టు ఆ కొస నుంచి ఈ కొసకి తిరిగేది. మేత వేస్తే మొదట అదే తినాల.

బడి నుంచి రాగానే సంచి విసిరేసి తొట్టి ముందర స్టూలు మీద కూర్చొనేదాన్ని. స్టూలు ఒకటే, కాబట్టి నాదే. మా చెల్లెలు తొట్టికీ గోడకీ మధ్య ఉన్న కాస్త సందులో దూరి వెనకనుంచి చూసేది. అక్కడేం కనపడుతుందని నేను ఒక్కసారీ అడగలేదు.

ఆ తొట్టిలో నాకు గిట్టని చేప ఒకటుండేది. పేరుకి చేపే గానీ ఒంటికి రంగు లేదు. మురిక్కాలవ నీళ్ళ రంగులో, తోక కొస చిరిగిపోయి, వెనక రాయి మూలన నక్కి ఉండేది. బయటికొస్తే చాలు కలెక్టరు తరుముకొనేది. దానికి మట్టిగాడు అని పేరు పెట్టినాను. వచ్చినవాళ్ళందరికీ తొట్టి చూపిస్తా, "ఆ మూలది చూడబాకండి, అది దండగ" అని చెప్పేదాన్ని.

అది డిసెంబరు నెల. క్రిస్మస్‌కి చర్చిలో పిల్లలందరం వాక్యాలు అప్పజెప్పాలి. ఆ ఏడు మొదటిసారి మా చెల్లెలికీ ఒక భాగం ఇచ్చినారు, గొర్రెల కాపరుల భాగం. అది ఆ కాగితాన్ని మడతలు చిరిగిపోయేదాకా చదివింది. తీరా సండే స్కూల్లో పాస్టరమ్మగారు చెప్పమ్మా అంటే, అది ఊపిరి తీసుకొనే లోపల నేను మొదటి మాట అందించేసినాను. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. అది తల దించుకొని నిలబడిపోయింది. ఆమెకేం తెలుసు పాపం, ఈ పిల్లకి రావడం లేదనుకొని, శనివారం ఇంటికొచ్చి ఇంకొక్కసారి చూస్తాను, రాకపోతే ఈ భాగం కూడా అక్కే చెప్పేస్తుంది అనింది. నాకు లోపల్లోపల ఎంత సంబరమో! రెండు భాగాలు నావే. మా చెల్లెలు ఆ సాయంత్రం అన్నానికి పిలిచినా రాలేదు. తొట్టి వెనకాల సందులోనే కూర్చోనింది. నేను ఇంట్లో వాళ్ళందరికీ దానికి ఆకలి లేదంట అని చెప్పినాను.

ఆ మర్నాడే మామతో అన్నాను, ఆ మట్టిగాడిని తీసి కాలవలో పారేయమని, అది ఉంటే తొట్టి అందం పోతా ఉందని. మామ నా వంక చూసి, మా చెల్లెలు కూర్చొన్న సందు వంక చూసి, "సరే, ఒకదాన్ని తీసేద్దాంలే" అన్నాడు.

పొద్దున్నే గోడ దూకి పోయి చూస్తే తొట్టిలో కలెక్టరు లేదు! పెరట్లోకి పరిగెత్తినాను. సిమెంటు తొట్లో, పైన వల కప్పి ఉంటే, కింద నీలంగా గుండ్రంగా తిరుగుతా ఉంది. ఇక నేను ఏడ్చిన ఏడుపుకి వీధిలో వాళ్ళు కూడా వచ్చినారు. తీయమన్నది ఏది, తీసింది ఏది? ఈయనకి కళ్ళు కనపడవా? మామ మోపెడ్ ఎక్కి గుంటలకి పోయినాడు. నేను ఆయనతో జన్మలో మాట్లాడకూడదని ఒట్టు పెట్టుకొన్నాను. ఆ ఒట్టు రెండు రోజులు నిలబడింది, నా మట్టుకు నాకు అది చాలా ఎక్కువ.

ఆ సాయంత్రం మట్టిగాడు రాయి మూల నుంచి బయటికొచ్చినాడు. కాస్త ముందుకు, మళ్ళీ వెనక్కి, మళ్ళీ ముందుకు. తరిమేవాళ్ళు ఎవరూ లేరని అర్థమైనట్టుంది, మధ్యలోకొచ్చి మేత తిన్నాడు. మరుసటి రోజు చూస్తే ఒంటి మీద సన్నగా చారలు. ఇదేందబ్బా, నా కళ్ళు సరిగ్గానే ఉన్నాయా అని గాజు తుడిచి మళ్ళీ చూసినాను. మూడో రోజు పొద్దున, నేను చెప్తే నమ్మరు, వసారాలోకి ఎండ పడతా ఉంది, ఆ ఎండలో నీలం! కలెక్టరు కంటే ముదురు నీలం! ముఖం దగ్గర ఊదా రంగు మెరుపు, రెక్కల చివర తెల్లటి అంచు. ఓరి నాయనో అని అరుచుకొంటా గోడ దూకి మా ఇంట్లోకి పోయి అమ్మని, అవ్వని, పళ్ళు తోముకొంటున్న నాయనని, అందరినీ లాక్కొచ్చినాను. చూసేదానికి చేపలా అని నవ్విన అవ్వ కూడా మోకాళ్ళు పట్టుకొని వంగి, నోరు తెరిచి చూసింది.

అందరూ తలా ఒక మాట అంటా ఉంటే, తొట్టి వెనకనుంచి సన్నగా వినిపించింది. "నాకు ముందే తెలుసు. దాని రెక్క కింద నీలం ఉండాది."

మా చెల్లెలు! మరి చెప్పలేదేం అని అడిగినాను. "నన్నెవురు అడిగినారు?" అనింది. కోపంగా కాదు, మామూలుగానే అనింది.

అప్పుడు మామ, జీవితంలో అంత పొడుగు మాట ఆయన మాట్లాడగా నేను వినలేదు, నిమ్మళంగా చెప్పినాడు. "అది కూడా ఆ జాతి మగదేమ్మే. పెద్దది ముందరుంటే దీనికి రంగు చూపించే ధైర్యం రాదు. చూపిస్తే తన్నులు తినాల. అందుకని దాచిపెట్టుకొనింది." నేను భలే భలే అని గెంతినాను. చేప గురించే చెప్పినాడనుకొన్నాను.

శనివారం పొద్దున మామ మోపెడ్ తీసి, గుంటలు చూస్తావా రమ్మన్నాడు. ఎన్నాళ్ళుగా అడుగుతున్నానో ఆ మాట! పాస్టరమ్మగారు వచ్చే సంగతే మర్చిపోయి ఎగిరి వెనక కూర్చొన్నాను. మేత తిన్నాయో లేదో చూసేదానికి నీళ్ళలో దించిన వల పళ్ళాన్ని నా చేత పైకి లాగించినాడు. రొయ్యలు చిటపటా ఎగిరి నా గౌను మీద పడినాయి. నేను అరిచిన అరుపులకి కొంగలన్నీ లేచిపోయినాయి. మధ్యాహ్నందాకా గట్ల మీద తిరిగి, ఉప్పుగాలికి మొహం బిర్రుబిర్రుమంటా ఇంటికొచ్చినాను.

వాకిట్లో అమ్మ మొహం వెలిగిపోతా ఉంది. పాస్టరమ్మగారు వచ్చి పోయినారంట. మా చెల్లెలు భాగం మొత్తం, ఒక్క మాట తడబడకుండా, ఇంటి బయటికి వినపడేటట్టు చెప్పిందంట.

నాకు సంతోషం కలగలేదు. నిజం చెప్పాలి కదా, కడుపు మండింది. నేను లేనప్పుడు చెప్పడమేంది? గోడ దూకి మామ పెరట్లోకి పోయి సిమెంటు తొట్టి దగ్గర నిలబడినాను. కలెక్టరు గుండ్రంగా తిరుగుతా ఉంది. దాన్ని చూస్తా ఉంటే, ఉన్నట్టుండి నాకు అర్థమైంది. మామ పొద్దున నన్ను కూడా తీసి తొట్లో వేసినాడు. కలెక్టరు అని పేరు పెట్టి మురిసిపోయినానే, ఆ కలెక్టరు నేనే. మా చెల్లెలి తోక చిరిగింది నా పళ్ళకే.

మామ దగ్గరికి పోయి, "నన్ను కావాలనే తీసకపోయినావు కదా" అని అడిగినాను. ఏడుపు ఆపుకోలేకపోయినాను. ఆయన నా తల మీద చెయ్యి వేసి, "రాళ్ళు అందిద్దువు రా" అన్నాడు. అంతే. ఆ సాయంత్రం అద్దం తొట్టిలో రాళ్ళన్నీ తీసేసి కొత్తగా పేర్చినాం. రాళ్ళు పాతచోటే ఉంటే కలెక్టరు మళ్ళీ అంతా నాదే అంటుందంట, మార్చేస్తే ఇద్దరికీ కొత్త ఊరే. ఏ రాయి ఎక్కడ పెట్టాలో మామ మా చెల్లెల్ని అడిగినాడు. అది వేలు పెట్టి చూపించింది. నేను అందించినాను. మధ్యలో గోడలాగా కట్టి కలెక్టరుని తెచ్చి వదిలినాం. రెండూ ఒకదాని ఎదురుగా ఒకటి రెక్కలు విప్పుకొని కాసేపు కొలుచుకొన్నాయి. తర్వాత ఇది అటు పోయింది, అది ఇటు పోయింది. రెండూ నీలంగానే ఉండిపోయినాయి.

క్రిస్మస్ పొద్దున చర్చి కిటకిటలాడతా ఉంది. మా చెల్లెలు ఎర్ర రిబ్బన్లు వద్దని పచ్చవి కట్టించుకొని ముందుకు పోయి నిలబడింది. బాగానే మొదలుపెట్టింది. సగానికొచ్చి ఆగిపోయింది. తర్వాతి మాట నాకు తెలుసు! నా నాలిక చివర ఉంది. అందరూ దాని మొహం చూస్తా ఉన్నారు, అది నా మొహం చూస్తా ఉంది. గౌను అంచు రెండు చేతులా పిసుక్కొని, పళ్ళు బిగబట్టి గమ్మునున్నాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నా జన్మలో అంత పొడుగు నాలుగు అంకెలు లేవు. అది కళ్ళు పైకెత్తి, ఆ మాట పట్టుకొని, ఇంకా గట్టిగా చివరిదాకా చెప్పేసింది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే. చేతులు మంటలెత్తేదాకా కొట్టినాను.

ఇప్పుడు మా చెల్లెలు బస్సు కండక్టరు. దాని గొంతు వింటే నిద్రపోయే ప్యాసింజర్లు లేచి కూర్చొంటారు. నా జుట్టు నెరిసింది గానీ నోరు ఏం తగ్గలేదు. మా ఇంట్లో సిక్లిడ్ల తొట్టి ఉంది, మధ్యలో రాళ్ళ గోడా ఉంది. ఎవరైనా నా పక్కనున్న మనిషిని ఏదైనా అడిగితే, ఇప్పటికీ లోపల ఒకటి, రెండు అని లెక్కపెట్టుకొంటాను.

పోయిన నెల మా చెల్లెల్ని డాక్టరు దగ్గరికి తీసకపోయినాను. ఏడాదిగా దానికి మోకాలి నొప్పి అని ఊరందరికీ చెప్తా ఉన్నాను. నొప్పి ఎక్కడమ్మా అని డాక్టరు దాన్ని అడిగినాడు. నా నోరు తెరుచుకొనింది. మూసుకొన్నాను. ఒకటి, రెండు, మూడు. అది నిదానంగా చెప్పింది. మోకాలు కాదంట, నడుమంట.