ఆ సోమవారం పట్టిన గాలి

గాలిలోకి కార్బన్ డయాక్సైడ్ ఎక్కడినుంచి వస్తోంది, ఎటు పోతోంది అని చూసే ల్యాబ్‌లో నా ఉద్యోగం. బొగ్గు, డీజిల్ పొగలో కార్బన్ ఒక తీరు, మొక్కలు, మనుషులు వదిలే కార్బన్ ఇంకో తీరు. మిషన్‌లో పెడితే తేడా తెలిసిపోతుంది. మండపేట మిల్లుల దగ్గర పట్టిన గాలిని పోల్చి చూడాలంటే, ఏ పొగా తగలని గాలి కూడా కావాలి. అందుకే అంతర్వేది దగ్గర, సముద్రం మీంచి గాలి వీచేటప్పుడు, ప్రతి సోమవారం గాజు సీసాలో గాలి పట్టించేవాళ్ళం.

పట్టేది అక్కడ చేపల వేటకెళ్ళే ఇంటి ఆవిడ. నాకంటే పదేళ్ళు పెద్ద. పని నేనే నేర్పాను. గాలికి ఎదురుగా నిలబడి, ఊపిరి బిగబట్టి సీసా మూత తిప్పాలి. మన ఊపిరి కలిస్తే ఆ సీసా పనికిరాదు.

"సీసా కోసం ఊపిరి బిగబట్టాలా! మావాళ్ళు వింటే నవ్విపోతారండి" అంది.

రెండేళ్ళలో ఒక్కటీ పాడుచెయ్యలేదు.

కిందటి శ్రావణంలో వచ్చిన ఒక సీసాలో రీడింగ్ బాగా పెరిగిపోయింది. కార్బన్ తీరు చూస్తే పొగ కాదు. మనిషి ఊపిరే. విసుగ్గా ఫోన్ చేశాను.

"ఏంటక్కా ఇది? ఊపిరి బిగబట్టలేదా?"

"పట్టలేకపోయానండి."

"ఇన్నాళ్ళూ పట్టారుగా! వారం పని మొత్తం పాడైంది."

ఆవిడ మెల్లగా చెప్పింది.

"ఆ పొద్దున్నే మా ఆయన్ని ఒడ్డుకి తెచ్చారండి. పడవ బోల్తాకొట్టింది. సోమవారం తప్పితే మీకు ఇబ్బందని, లేచెళ్ళి పట్టాను. ఏడుపు ఆగలేదు మేడం. తప్పయిపోయింది."

ఆవిడ నన్ను క్షమాపణ అడుగుతోంది.

రూలు ప్రకారం ఆ రీడింగ్ తీసెయ్యాలి. తీసేశాను. మర్నాడు బస్సెక్కి వెళ్ళాను. గుమ్మంలో, చుట్టాల మధ్య, గోడకి ఆనుకుని కూర్చునుంది. చేతులు పట్టుకున్నాను.

"మీకెలా తెలుస్తుందండీ" అని నన్నే ఓదార్చింది. ఆ తర్వాత, "ఇంక సముద్రం వైపు వెళ్ళలేనండి. ఎవరినైనా చూసుకోండి" అంది.

ఇప్పుడు ఆ పని ఇంకొకరు చేస్తున్నారు. ఆవిడ రాజోలు సంతలో ఎండుచేపలు అమ్ముతోందని విన్నాను. రెండుసార్లు ఆ దారినే వెళ్ళాను. ల్యాబ్ జీపు ఆపమని డ్రైవర్‌కి చెప్పలేకపోయాను.