సైరన్ లేని సముద్రం

గప్పటి రోజుల్ల నాకు తెలిసిన నీళ్ళన్నీ ఎవలో ఒకలు ఇడిస్తెనే వచ్చేటివి. ఊళ్ళె నల్లా నీళ్ళు పంచాయతీ ఆయన ఇడిస్తె వచ్చేటివి, కాలువల నీళ్ళు లస్కరు తూము తిప్పితె వచ్చేటివి, గోదావరిల నీళ్ళు పోచంపాడు డ్యాము గేట్లెత్తితె వచ్చేటివి. వాన ఒక్కటే ఎవలూ ఇడువకుంట వస్తుండె, గది గూడ మా దిక్కు సక్కగ రాకపోతుండె. నీళ్ళంటె మనిషి చేతిల ఉన్న పని అని నమ్మిన నా అసొంటోన్ని తెచ్చి నాలుగు దిక్కుల సముద్రమున్న బహ్రెయిన్ల పడేస్తె ఏమైతది? గదే అయింది. (మా అవ్వ లెక్కల నేను ఇప్పటికీ దుబాయిలనే ఉన్న. బహ్రెయిన్ వేరే దేశమే అవ్వా అని చెప్పి చెప్పి, ఇగ నా తోని గాదని ఇడిసిపెట్టిన.)

గుదైబియా అనే బస్తిల ఒక పాత బిల్డింగు మీది అంతస్తుల మా రూము. అందరం నిజామాబాదు, జగిత్యాల దిక్కు నుంచి వచ్చినోళ్ళమే. తెల్లారంగనే కంపెని బస్సు వచ్చి సఖీరు దిక్కు సైటుకు తీస్కపోతుండె, సిమెంటు మోసి సెంట్రింగు కర్రలు ఎత్తి వాపసు వస్తుంటిమి. రూముల నా పేరు ఎవ్వలూ పిలువకపోతుండిరి, 'డ్యాము' అంటుండిరి. తప్పు వాళ్ళది గాదు. ఎండ ఎక్కువుంటె "మా డ్యాము కింద గిట్లుండదు" అందును, కూర మంచిగ లేకపోతె "మా డ్యాము కింద పట్టిన చేపల పులుసు తింటె తెలుస్తది మీకు" అందును. కొత్తగ వచ్చిన పోరన్ని, ఇంటి మీద పానం కొట్టుకుంటుండె. ఏడిస్తె ఇజ్జత్ పోతది గనుక డ్యాము ముచ్చట చెప్పుకుంట బతికిన.

ముచ్చట మాత్రం అబద్ధం గాదు. గేట్లు మూసిన్రంటె డ్యాము కింద నీళ్ళు పలచవడి రాళ్ళు తేలేటివి. రాళ్ళ నడుమ మడుగుల్ల బొచ్చెలు, రవ్వులు, కొర్రమట్టలు చిక్కుకొని ఎగిరెగిరి పడేటివి. గాలాలోడు గాలాలతోని, వలలోడు వలతోని, ఏదీ లేనోడు పాత చీరె తోని దిగుతుండె. పట్టిన చేపను ఒడ్డు మీద వేస్తె ఎండకు పాడైతదని, లోతు లేని కాడ రాళ్ళు గుండ్రంగ పేర్చి, సందుల్ల గులకరాళ్ళు కుక్కి, చేపల్ని దాంట్ల ఇడుస్తుంటిమి. ఇంటికి పోయేదాక పానంతోని ఉండేటివి. ఒక్కటే భయం, సైరన్. సైరన్ కొట్టిన్రంటె గేట్లెత్తుతున్నరని లెక్క, ఉన్నది ఉన్నట్టు ఇడిసి ఉరకాలె. ఒకపాలి మా పెద్దబాపు చంకల బొచ్చెను ఇడువలేదు గని పంచెను ఇడిసి ఉరికిండు. కట్ట మీద ఆడోళ్ళు చూస్తున్నరంటె "వాళ్ళకు బొచ్చె కనవడ్తదిరా, నేను కనవడ" అన్నడు.

మా రూముల వంట మామది. వరుసకు ఎవ్వలికీ మామ గాదు, పక్కూరాయన, అందరికంటె పెద్దోడు, గంతే. నా డ్యాము ముచ్చట్లు ఓపికతోని వినే ఒక్క మనిషి ఆయననే, ఎందుకంటె ఆయనది గూడ గదే డ్యాము. ఆయనకు చేపలు పట్టుడు నేర్పింది వాళ్ళన్న. చిన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకొని నీళ్ళల్లకు తీస్కపోతుండెనట. ఆ అన్నకు ఒక పిచ్చి ఉండెనట, కొన్న చేప ముట్టకపోతుండెనట. "నీళ్ళల్ల నిలవడి పట్టనోడు పులుసుల చెయ్యి వెట్టొద్దురా" అంటుండెనట. పెండ్లిండ్లల్ల గూడ గదే తీరు, అందరు చేపల కూర తింటుంటె పెరుగన్నం తిని లేస్తుండెనట.

గా అన్న పోయిండని ఒకనాడు ఫోనొచ్చింది. సైటుల పని గడువు మీదికొచ్చింది, ఎవ్వలికీ సెలవు లేదన్నరు. మామ ఆఫీసు ముంగట నిలవడి, కూసొని, మళ్ళ నిలవడి, ఆఖరికి వచ్చి బియ్యం కడిగిండు. మా దిక్కు మనిషి పోయినంక పిట్టకు పెడ్తరు. పోయినాయనకు ఇష్టమున్నయన్నీ వండి, విస్తరాకుల పెట్టి, దూరం జరిగి చూస్తరు. కాకి వచ్చి ముడితె పోయినాయన తిన్నట్టు, గప్పుడే ఇంటోళ్ళు తినాలె. కాకి రాకపోతె మనసుల ఏదో కొరత ఉన్నట్టు. మామ వాళ్ళన్న కొడుకు ఫోన్ల ఏడుసుకుంట చెప్పిండు: "చిన్నబాపూ, కాకి గోడ మీద కూసున్నది, చూసింది, పోయింది. ఎంతసేపు మొక్కినా రాలె. చేపలు బజార్ల కొన్నయే దొరికినయ్. ఇగ ఆఖరికి ఆవుకు పెట్టి అందరం తిన్నం."

గప్పటి సంది మామ తినుడు బందు చేసిండు. బందు అంటె పూర్తిగ గాదు, చాయల ఖుబ్బూస్ రొట్టె ముక్క ముంచుకొని నోట్లె ఏసుకుంటుండె. మాకు మాత్రం కడుపు నిండ పెడ్తుండె. "నువ్వు తినవా మామా?" అంటె "ఆకలైతలేదు అల్లుడా" అని గిన్నెలు తోముతుండె. బెల్టుకు కొత్త బొక్క పొడుసుకున్నడు. సైటుల ఒకనాడు కండ్లు తిరిగి ఇసుక కుప్ప మీద కూలవడ్డడు. గారోజు మాపటికి నేను గట్టిగ అడిగితె చెప్పిండు: "నా చేతుల్తోని పట్టిన చేప పెడ్తెనే మా అన్న ముడ్తడు రా. ఆయన తినంది నాకు బుక్క దిగుతలేదు. ఏం జెయ్యాలె?" రూములందరూ నా దిక్కు చూసిన్రు. చూస్తరు గద మరి, అన్ని దినాలు డ్యాము డ్యాము అని అందరి తలకాయలు తింటిని. నేను ఛాతి ఇరుసుకొని "నేనున్న గద మామా, శుక్రారం పోదాం" అన్న. సముద్రం మీద నాకున్న అనుభవమంత, విమానం కిటికిలకెల్లి చూసుడే.

కింది అంతస్తుల డ్రైవర్ భాయ్ ఉంటుండె. హైదరాబాదాయన, ఒక దుకాణం పికప్పు నడుపుతుండె, బహ్రెయిన్ల ఎన్నో ఏండ్ల సంది ఉన్నడు. సంగతి చెప్పంగనే "బడే భాయ్ కోసమా? చలో" అని తాళాలు తీసిండు, పెట్రోలు మాట గూడ ఎత్తలేదు. మొదటి తిప్పలు గాలానికి గుచ్చే ఎర్రల కోసం. డ్యాము కిందనైతె పెంటకుప్ప తవ్వితె చేతినిండ ఎర్రలు. బహ్రెయిన్ల ఏడ తవ్వుతవు? సైటు పక్క పూల మొక్కల మడిల గడ్డపార తోని రెండు పోట్లు పొడిస్తె నల్లా పైపు తగిలింది (పలగలేదు, దేవుడు సల్లగ చూసిండు). ఇగ మార్కెట్ల రొయ్యలు కొందామన్న. మామ ఆగిండు. "కొన్నది పనికొస్తదా అల్లుడా?" అన్నడు. ఆయనే ఒక రొయ్యను ఎత్తి చూసి, "రొయ్యను చేప తింటది, మా అన్న తినడు గద. సరే తీస్కో" అని తీర్పు చెప్పిండు.

సఖీరు దాటి పడమటి సముద్రం కాడ దిగంగనే నా గుండె ఎగిరింది. ఎందుకంటె సముద్రం లేదు! నీళ్ళు ఏడనో దూరం పోయి ఉన్నయ్. మా ముంగట తేలిన రాళ్ళు, నడుమ నడుమ మడుగులు, పాకురు. అచ్చం గేట్లు మూసిన డ్యాము. "మామా, ఇది మనదే!" అని ఒర్రిన. మామ మొఖంల గూడ ఎన్నో దినాలకు ఒక కళ వచ్చింది. ప్యాంట్లు మోకాళ్ళ మీదికి మడిచి దిగినం. భాయ్ ఒడ్డు మీదికెల్లి "సామాన్ జర ఎత్తుల పెట్టుకోండ్రి తమ్మీ, నేను జుమ్మా నమాజు చేసుకొని వస్త" అన్నడు. "ఈడ దొంగలెవలున్నరు భాయ్, నువ్వు యల్లా పో" అన్న నేను. అంత తెలివి నాది.

మడుగుల్లకెల్లి నీళ్ళ అంచు దాక నడుసుకుంట పోయి గాలాలేసినం. నా గాలానికి ముందుగాల పాకురు పడ్డది, తర్వాత నా అంగీనే పడ్డది. మామ మాత్రం దారం వేలుకు చుట్టుకొని నిలవడ్డడు. ఒక్కసారి చెయ్యి గుంజిండు, ఎండల తళుక్కుమని చేప లేచింది. "అన్నా, ఒకటి" అన్నడు, నాతోని గాదు. ఎండ ఎక్కేసరికి సాఫి చేపలు, రెండు శేరి చేపలు పడ్డయ్. ఒక్కటి నాది గూడ ఉండె (చిన్నది, గని ఉండె). చేపలు పట్టినంక మేం జేసే పని మాకు తెలిసిందే గద. రాళ్ళు మోసి గుండ్రంగ పేర్చి, సందుల్ల గవ్వలు కుక్కి, చేపల్ని దాంట్ల ఇడిసినం. మామ దాని ముంగట కూసొని చానసేపు చూసిండు. "గీ పెద్దది నిండుగ పెడ్త, తల తోని. మా అన్నకు తలకాయంటె పానం" అన్నడు.

ఒడ్డు మీద ఇరిగిన పడవ ఉంటె దాని నీడల ఒరిగినం. మామ ఎందుకో లేచి "గేట్లు ఇడిస్తె ఎట్ల రా?" అన్నడు. నేను కండ్లు తెరువకుంటనే "సైరన్ వస్తది గద మామా" అన్న. "ఔ" అని ఆయన గూడ పండుకున్నడు. బహ్రెయిన్ల, సముద్రం ఒడ్డున, ఇద్దరు మొగోళ్ళు, తలకాయలున్నోళ్ళు, సైరన్ మీద భారమేసి గుర్రు కొట్టినం.

కాళ్ళు సల్లగైతె మెలకువ వచ్చింది. లేచి చూద్దును గద, నీళ్ళు పడవ దాక వచ్చినయ్! రాళ్ళు లేవు, మడుగులు లేవు, మేం పేర్చిన రాళ్ళ కట్ట లేదు, అంతటా ఒక్కటే సముద్రం, ఏమెరుగనట్టు మెరుస్తున్నది. నా చెప్పులు రెండు పక్క పక్కన తేలుకుంట మెల్లగ పోతున్నయ్. పాడుగాను, నేను గప్పుడు చేసిన పనేందంటె, ఎనుకకు తిరిగి డ్యాము ఏ దిక్కున్నదా అని చూసిన! ఎడారి తప్ప ఏం లేదు. భాయ్ గప్పుడే పికప్పు దిగి, మోకాళ్ళ లోతుల వెతుకుతున్న నన్ను చూసి, "ఏమైంది తమ్మీ?" అన్నడు. "నీళ్ళు ఇడిసిన్రు భాయ్! సైరన్ గూడ కొట్టలె!" అని మొత్తుకున్న. ఆయన టోపి తీసి నెత్తి గోక్కున్నడు. "అరె, సముద్రానికి గేట్లేడియి తమ్మీ? దినాం గదే వస్తది, గదే పోతది. గా సంగతి తెల్వదా మీకు?" అన్నడు.

తెల్వదు. నిజంగనే తెల్వదు. సిగ్గుతోని నాకు చావాలనిపించింది. చేపలు పోయినందుకు గాదు, మామ మొఖం చూసే ధైర్యం లేక. ఆయన మేం రాళ్ళు పేర్చిన కాడ నడుముల దాక నీళ్ళల్ల నిలవడి, చేతులు లోపట పెట్టి తడుముతున్నడు. ఒక రాయి దొరికింది, తీసి చూసి ఇడిసిండు. ఇగ ఈ మనిషి ఇంటికి బతికి పోడు అనుకున్న నేను. గంతల ఆయన భుజాలు ఊగినయ్. ఏడుస్తున్నడనుకొని ఉరికిన. నవ్వుతున్నడు! "ఓ అన్నా! పిట్టను తోలుతవనుకుంటె నువ్వే వచ్చినవా! వండేదాక గూడ ఆగకపోతివి గదనే! ఉప్పు కారం గూడ ఎయ్యనిస్తలేవు!" అని నవ్విండు, నవ్వి నవ్వి నీళ్ళల్లనే కూలవడి ఏడ్సిండు. ఫోనొచ్చిన నాటి సంది ఏడ్వని మనిషి గప్పుడు ఏడ్సిండు. భాయ్ కొత్త కుర్తాతోనే నీళ్ళల్లకు దిగి ఆయన భుజం పట్టుకున్నడు.

"మామా, మళ్ళ గాలమేద్దాం, ఇంక పొద్దున్నది" అన్న నేను. "వద్దు అల్లుడా. పెట్టింది తీసుకున్నడు. మళ్ళెందుకు?" అన్నడు. చెప్పులు లేకుంట పికప్పు ఎక్కినం.

గారోజు మాపు మామ టమాట పప్పు చేసిండు, కోడిగుడ్లు పొరటిండు. అందరికీ వడ్డించినంక, ఇగ గిన్నెల దిక్కు పోతడనుకుంటె, తన కంచం తెచ్చుకొని మా నడుమ కూసున్నడు. రూముల ఒక్కలు బుక్క ఎత్తలె, అందరు ఆయన చెయ్యి దిక్కే చూస్తున్నరు. మామ పప్పు కలుపుకొని, పెద్ద ముద్ద చేసి, "తినుండ్రి బిడ్డా, మా అన్న తిన్నడు" అన్నడు.

ఇప్పుడు నాకు గా మామ వయసొచ్చింది, రూముల పోరగాండ్లు నన్నే మామ అంటున్నరు. సముద్రం ఎప్పుడొస్తది, ఎప్పుడు పోతది వాళ్ళు ఫోన్ల చూసి చెప్తరు, నాకైతె ఫోను లేకుంట గూడ తెలుసు. అంత తెలిసి గూడ, గారోజు చేపల్ని ఎవలు తీస్కపోయిన్రు అని అడిగితె, మామ వాళ్ళన్ననే అని చెప్త. పోరగాండ్లు నవ్వుతరు. చెప్పులు పోగొట్టుకొని డ్యాము కోసం ఎడారి దిక్కు చూసిన గా పోరడు కండ్లల్ల మెదుల్తడు, నేను గూడ నవ్వుత. నవ్వుకుంటనే, గిప్పటికీ గదే చెప్త.