లింగయ్య సేటు బంతికి తవుడు మెరుగు

2023 చలికాలం. సూర్యాపేట శివారులో హైవే పక్కన, బరువైన బంతి దొర్లించి పిన్నులు పడగొట్టే మా బౌలింగ్ సెంటర్ అప్పటికింకా కొత్తది. విజయవాడ వైపు పోయే కార్లు టీ కోసం ఆగితే, పిల్లలు పెద్దవాళ్లను లోపలికి లాక్కొచ్చేవారు. నేను వెనక చిన్న గదిలో ఉంటాను. బంతికి వేళ్ల రంధ్రాలు వెయ్యడం, దాని పైభాగాన్ని నునుపుగానో గరుకుగానో చెయ్యడం నా పని. అంతకుముందు లేత్ మీద ట్రాక్టర్ సామాన్లు చేసేవాణ్ని. "గుండ్లకు బొక్కలు కొట్టుడు గూడ ఒక నౌకరేనా డేవిడూ?" అని మా చుట్టాలు ఇప్పటికీ అడుగుతారు.

లింగయ్య సేటుకు మిర్యాలగూడలో రైసుమిల్లు ఉంది. ఒక్కగానొక్క కూతురు శ్వేతకు కొడుకు పుట్టాడు. పురుడు అయింది, స్నానాలు అయ్యాయి, పేరు దగ్గర మాత్రం బండి ఆగిపోయింది. సేటుకు కొడుకుల్లేరు. మిల్లు పెట్టిన తన తండ్రి ముత్తయ్య పేరు మనవడితోనైనా నిలవాలని ఆయన పట్టు. వియ్యంకుడు సుబ్బారావు మాస్టారిది కోదాడ. రిటైరైన హెడ్మాస్టరు. మొదటి మనవడికి తమ పెద్దల పేరే పెట్టడం ఆనవాయితీ కాబట్టి, తన తండ్రి పుల్లయ్య పేరే పెట్టాలన్నాడాయన. రెండు పేర్లూ విని శ్వేత నెత్తి పట్టుకుంది.

అందరూ కలిసి ఒకసారి మా సెంటర్‌కు వచ్చినప్పుడు, "ఇందులో ఎవరు గెలిస్తే వాళ్లే పేరు పెట్టండి" అని అల్లుడు నవ్వుతూ అన్నాడు. పెద్దవాళ్లిద్దరూ నవ్వలేదు. మూడో నెలలో పెట్టుకున్న బారసాలకు ముందరి ఆదివారం పందెం ఖాయం చేసుకున్నారు. ఆ రోజు సరదా ఆటలో మాస్టారే గెలిచి, "మీ చేతికి వడ్ల బస్తాలే అలవాటు లెండి బావగారూ" అన్నాడు. సేటు మర్నాడే నా గదికి వచ్చి సొంత బంతి చేయించుకున్నాడు.

వారం తిరక్కుండానే మళ్లీ వచ్చాడు.

"డేవిడూ, తొమ్మిది పడతున్నయ్. మూలకున్న గా ఒక్కటి మాత్రం నన్ను సూసి నవ్వుతున్నట్టే ఉంటది."

లేన్ చివర నిలబెట్టే పది పిన్నుల్లో ఆ మూలది పదోది. బంతి సరైన చోట తగిలినా అన్నీ పడతాయని లేదు. పిన్నుల మధ్యకు ఏ కోణంలో దూరింది, ఎంత జోరుతో దూరింది అన్న దాన్ని బట్టి మిగతావి పడతాయి. దీన్నే మేం పిన్ క్యారీ అంటాం. లేన్ అంటే బంతి దొర్లే చెక్కబాట, దాని ముందుభాగంలో నూనె ఉంటుంది. మరీ నున్నటి బంతి ఆ నూనె మీద జారుకుంటూ పోయి, సమయానికి తిరగక, పిన్నులకు తగిలి పక్కకు తప్పుకుంటుంది. మూలది క్షేమంగా నిలబడుతుంది. అందుకని గరుకు ప్యాడ్‌తో బంతిని రుద్ది గరుకు చేశాను.

సేటు ముఖం వాడిపోయింది. "కొత్త బంతిని పాడు జేసినవ్ గదనే! పాలిష్ లేని బియ్యం ఎవడన్న కొంటడా?"

"ఇది వండుకునేది కాదు సేటూ. వేసి సూడుండ్రి."

వేశాడు. పదీ పడ్డాయి. ఇంకోటి వేస్తే మళ్లీ పదీ పడ్డాయి. బంతిని చంటిపిల్లాడిలా ఎత్తుకుని మిర్యాలగూడ వెళ్లిపోయాడు.

వారం తర్వాత మళ్లీ తొమ్మిదే. ఆడే కొద్దీ గరుకు తగ్గడం మామూలే కాబట్టి మళ్లీ రుద్ది పంపాను. మళ్లీ వచ్చాడు. అప్పుడు నాలోని మేధావి నిద్ర లేచాడు. తప్పు లేఅవుట్‌ది అని తేల్చాను. బంతి లోపల బరువైన గుండె ఒకటి ఉంటుంది. దాన్ని బట్టి రంధ్రాలు ఎక్కడ వేస్తామన్నదే లేఅవుట్. అది మారితే బంతి తిరిగే తీరు మారుతుంది. పాత రంధ్రాలు పూడ్చి కొత్తవి వేశాను. సేటుకు అర్ధగంట క్లాసు పీకాను. ఆయన బుద్ధిగా తలూపాడు.

మళ్లీ తొమ్మిదే. పందెం దగ్గరికొచ్చింది, సేటుకు నిద్ర పట్టడం లేదు. నాకైతే అన్నం సహించడం లేదు. ఈసారి బంతిని ముఖం దగ్గరికి తెచ్చుకుని చూస్తే ఏదో వాసన వచ్చింది. బర్రెల కొట్టంలో వచ్చే వాసన. ఇక లాభం లేదని, దాన్ని మళ్లీ రుద్ది ఆయన చేతికిచ్చి, మర్నాడు చెప్పాపెట్టకుండా మిర్యాలగూడ బస్సెక్కాను.

వాళ్ల వరండాలో సేటు భార్య రాములమ్మ పీట వేసుకుని కూర్చుంది. ఎదురుగా చుట్టకుదురు, దాని మీద కుండ ఉండాల్సిన చోట బంతి. గుడ్డలో తవుడు మూటగట్టి, బంతిని నిమ్మళంగా రుద్దుతోంది. తవుడులో నూనె ఉంటుంది. నేను చేతులు నొప్పిపుట్టేలా తెచ్చిన గరుకంతా ఆ మూట కింద మాయమైపోతోంది.

"గిదేం పని అమ్మా?" అన్నాను, ఏడుపొక్కటే తక్కువ.

"నువ్వేనా డేవిడువి? నిన్నే అడగాలనుకున్న. కొత్త సామానును మసిగుడ్డ లెక్క చేసి పంపుతవా? వియ్యంకుల ముంగట మాసిన బంతి పట్టుకొని నిలబడితే మా ఇజ్జత్ ఏం గావాలె? మా తలుపులు సూడు, తవుడుతోనే గట్ల మెరుస్తున్నయ్."

సేటు వెనక నుంచి గర్వంగా అన్నాడు: "మన మిల్లు తవుడే!"

ఈయనకా నేను లేఅవుట్ గురించి అర్ధగంట చెప్పింది! నూనె గురించి, కోణం గురించి ఆమెకు మొత్తం వివరించాను. రాములమ్మ చెయ్యి ఆగలేదు. చివరికి ఒక్క మాటే అన్నాను.

"అమ్మా, బంతి మెరిస్తే మీ మనవడు పుల్లయ్య అయితడు."

తవుడు మూట ఠక్కున కింద పడింది.

బంతిని నా వెంటే తెచ్చుకుని, ఆదివారం పొద్దున గరుకు చేసి, ఆట దాకా నా గదిలోనే తాళం వేసి ఉంచాను. ఆట మొదలయ్యాక రాములమ్మ తన వంతుగా బంతి మీద జరీ కండువా కప్పింది. సేటు వెయ్యడానికి లేచినప్పుడల్లా తీసేది, తిరిగి రాగానే కప్పేది. మాస్టారు తొణక్కుండా ఆడి తన ఆట ముగించాడు. సేటు చివరి బంతికి పదీ పడితేనే గెలుపు.

బంతి నూనె దాటింది, లేన్‌ను పట్టుకుంది, చక్కగా తిరిగి లోపలికి దూరింది. తొమ్మిది పడ్డాయి. మూలది ఊగుతోంది. ఎడమ గోడకు కొట్టుకున్న పిన్ను ఒకటి దొర్లుకుంటూ వచ్చి దాన్ని తన్ని పడేసింది.

సేటు కేక వెయ్యలేదు. "నాయినా" అని అక్కడే కూలబడి కళ్లు తుడుచుకున్నాడు. మాస్టారు వచ్చి ఆయన్ను లేపి కౌగిలించుకున్నాడు.

"ముత్తయ్య పేరే పెడదాం బావగారూ. అదలా ఉంచండి, మీ బంతేంటండీ ఇంత మాసిపోయింది?"

రాములమ్మ నా వైపు చూసిన చూపు ఈ జన్మకు మర్చిపోను.

బారసాలకు నన్నూ పిలిచారు. పళ్లెంలో బియ్యం పోసి, అల్లుడు ఉంగరంతో పేరు రాశాడు. ముత్తూ అని పిలుస్తానని శ్వేత రాజీపడింది. బంతి మళ్లీ చుట్టకుదురు మీద అద్దంలా మెరుస్తోంది. పళ్లెంలో బియ్యం మాత్రం మసకగా ఉన్నాయి. రైసుమిల్లు ఇంట్లో పాలిష్ లేని బియ్యం!

సేటు నా చెవి దగ్గరికి వంగాడు. "నేనే పెట్టిపిచ్చిన. పాలిష్ బియ్యంల మా నాయిన పేరు జారిపోతదేమోనని."

ఇప్పుడు ఎవరు సొంత బంతి కావాలని వచ్చినా, చెయ్యి కొలవడానికి ముందు ఒక ప్రశ్న వేస్తాను: "ఇంట్లో దీన్ని ఎవరు తుడుస్తారు?" వాళ్లను కూడా ఒకసారి తీసుకురమ్మంటాను.